తెలిసిన అతి పెద్ద ప్రధాన సంఖ్య: తరచుగా అడిగే ప్రశ్నలు

1 కన్నా పెద్దదై, 1 తోనూ తనతోనూ తప్ప మరే సంఖ్యతోనూ నిశ్శేషంగా పోనిది ప్రధాన సంఖ్య. వాటిలో తెలిసిన అతి పెద్దదానికి 2024 అక్టోబరులో కొత్త రికార్డు వచ్చినప్పటి నుంచి ఇవే సందేహాలు తిరిగి తిరిగి వస్తున్నాయి. అడిగేవాళ్లలో ఎనిమిదో తరగతి పిల్లలున్నారు, ఇంజినీరింగ్ చదివినవాళ్లూ ఉన్నారు. ప్రశ్నలు మాత్రం దాదాపు ఒకటే. అందుకని అన్నిటినీ ఒకచోట పెట్టాను. ఏ ప్రశ్న నుంచైనా చదవడం మొదలుపెట్టొచ్చు. కాగితం, పెన్ను దగ్గర ఉంచుకోండి. నాలుగు కోట్ల అంకెల సంఖ్య అయినా, దాని గురించి చాలా సంగతులు చేత్తో లెక్కేసి తేల్చుకోవచ్చు. నాకు ఈ విషయంలో నచ్చేదే అది.

## ముందుగా వచ్చే సందేహాలు

ఇప్పుడు రికార్డులో ఉన్న సంఖ్య ఏది? ఎవరు కనిపెట్టారు?

2¹³⁶²⁷⁹⁸⁴¹ − 1. అంటే 13,62,79,841 రెండ్లను వరసగా గుణించి, వచ్చినదాంట్లోంచి 1 తీసేయాలి. ఇందులో 4,10,24,320 అంకెలున్నాయి. అమెరికాకు చెందిన లూక్ డ్యురాంట్ దీన్ని పట్టుకున్నాడు. 2024 అక్టోబరు 21న ప్రకటన వచ్చింది. అంతకు ముందు రికార్డు 2018 డిసెంబరులో దొరికిన 2⁸²⁵⁸⁹⁹³³ − 1. దాని అంకెలు 2,48,62,048. రికార్డు మారడానికి దాదాపు ఆరేళ్లు పట్టింది.

అతి పెద్దది దొరికిందంటే ఇక అంతకన్నా పెద్దవి లేవనేనా?

కాదు. ఇది "మనకు తెలిసినవాటిలో" అతి పెద్దది. వార్తల్లో ఆ మాట ఎగిరిపోయి గందరగోళం మొదలవుతుంది. ప్రధాన సంఖ్యలకు అంతు లేదని యూక్లిడ్ రెండు వేల ఏళ్లకు ముందే నిరూపించాడు. మీ దగ్గరున్న ప్రధాన సంఖ్యలన్నిటినీ గుణించి 1 కలపండి. వచ్చినదాన్ని మీ జాబితాలోని దేనితో భాగించినా 1 మిగులుతుంది. కాబట్టి దాన్ని నిశ్శేషంగా భాగించే ప్రధాన సంఖ్య జాబితా బయట ఎక్కడో ఉండాలి.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. అలా వచ్చిన సంఖ్యే ప్రధానం అనుకుంటారు. 2, 3, 5, 7, 11, 13 గుణించి 1 కలిపితే 30031 వస్తుంది. అది 59 × 509. అయినా నిరూపణకు ఢోకా లేదు. 59, 509 రెండూ జాబితాలో లేనివే కదా.

1 ని ప్రధాన సంఖ్య అని ఎందుకు అనరు?

అంటే ఒక మంచి సూత్రం పాడవుతుంది. ప్రతి సంఖ్యనూ ప్రధాన సంఖ్యల లబ్ధంగా ఒకే ఒక్క విధంగా రాయొచ్చు అంటాం. 1 ని కూడా చేర్చుకుంటే 6 ని 2 × 3 అనొచ్చు, 1 × 2 × 3 అనొచ్చు, 1 × 1 × 2 × 3 అనీ అనొచ్చు. అందుకే పక్కన పెట్టారు.

నాలుగు కోట్ల అంకెలంటే ఎంత పెద్దది? ఊహకు అందేలా చెప్పండి.

సెకనుకు ఒక అంకె చొప్పున, తిండీ నిద్రా లేకుండా చదివితే 475 రోజులు పడుతుంది. పేజీకి 3,000 అంకెల చొప్పున అచ్చు వేస్తే 13,675 పేజీలు. కంప్యూటర్‌కు మాత్రం ఇది పెద్ద బరువు కాదు. బైనరీలో, అంటే 0, 1 అనే రెండే అంకెలతో, దాస్తే 17 మెగాబైట్లు, అంటే ఫోన్‌లో తీసిన నాలుగైదు ఫొటోలంత. సంఖ్యను దాచడం తేలికే. అది ప్రధానమని తేల్చడం దగ్గరే కష్టమంతా.

మెర్సెన్ ప్రధాన సంఖ్య అంటున్నారు. ఆయన ఎవరు?

మారిన్ మెర్సెన్ ఫ్రాన్స్‌కు చెందిన క్రైస్తవ సన్యాసి. 2 కి ఏదో ఒక ఘాతం వేసి 1 తీసేస్తే వచ్చే ప్రధాన సంఖ్యలకు ఆయన పేరు పెట్టారు. 3, 7, 31, 127 ఇలాంటివే. 1644లో ఆయన ఒక జాబితా ఇచ్చాడు. ఘాతాంకం 257 వరకు చూస్తే 2, 3, 5, 7, 13, 17, 19, 31, 67, 127, 257 దగ్గర మాత్రమే ప్రధానాలు వస్తాయన్నాడు. అందులో 67, 257 తప్పు. 61, 89, 107 వదిలేశాడు. మొత్తం ఐదు తప్పులు. అయినా పేరు ఆయనదే నిలిచింది. ఆ కాలంలో అంతటి సంఖ్యలను సరిచూసే దారి ఎవరి దగ్గరా లేదు కాబట్టి మరీ తప్పుపట్టలేం.

## సంఖ్య లోపలికి చూస్తే

మొత్తం రాయకుండా చివరి అంకె 1 అని ఎలా చెప్తారు?

2 ఘాతాల చివరి అంకెలు 2, 4, 8, 6 అని నాలుగు మెట్లకోసారి తిరిగి వస్తాయి. 13,62,79,841 ని 4 తో భాగిస్తే శేషం 1. కాబట్టి చివర 2 ఉండాలి. అందులోంచి 1 తీసేస్తే 1.

చివరి రెండు అంకెలూ ఇలాగే తేలతాయి. 2² నుంచి మొదలుపెడితే చివరి రెండు అంకెలు ప్రతి 20 మెట్లకూ తిరిగి వస్తాయి. మన ఘాతాంకాన్ని 20 తో భాగిస్తే శేషం 1, అంటే 2²¹ చివర ఏముందో ఇక్కడా అదే. 2²¹ విలువ 2097152, చివర 52. 1 తీసేస్తే 51. పూర్తి సంఖ్య చివర నిజంగానే …486871551 అని ఉంటుంది.

అంకెలు ఎన్నో ఎలా లెక్కపెట్టారు? మొదటి అంకె కూడా చెప్పొచ్చా?

సంవర్గమానంతో. 10 ఆధారంగా 2 యొక్క సంవర్గమానం 0.30102999566. దాన్ని 136279841 తో గుణిస్తే సుమారు 4,10,24,319.945 వస్తుంది. పూర్ణాంక భాగానికి 1 కలిపితే అంకెల లెక్క. మిగిలిన 0.945 మొదటి అంకెలను చెప్తుంది: 10 కి 0.945 ఘాతం వేస్తే దాదాపు 8.81. సంఖ్య 881తో మొదలవుతుంది.

ఇక్కడో చిన్న హెచ్చరిక. మనం క్లాసులో నేర్చుకున్న 0.30103 తో గుణిస్తే అంకెలు ఒకటి ఎక్కువ వస్తాయి. ఘాతాంకం ఇంత పెద్దదైనప్పుడు తొమ్మిదో దశాంశ స్థానంలోని తేడా కూడా పైకి తేలుతుంది.

బైనరీలో రాస్తే ఎలా ఉంటుంది?

వరసగా 13,62,79,841 ఒకట్లు. ఒక్క సున్నా కూడా ఉండదు. 7 ని బైనరీలో 111 అని, 31 ని 11111 అని రాస్తాం, ఇదీ అంతే. దశాంశ రూపంలో అడ్డదిడ్డంగా కనిపించే సంఖ్య బైనరీలోకి వచ్చేసరికి ఇంత నున్నగా మారిపోతుంది. కంప్యూటర్ దీనితో వేగంగా పని చేయగలగడానికి ఈ నునుపే ముఖ్యమైన కారణం.

అంకెలన్నీ కూడుతూ పోతే చివరికి ఏ ఒంటి అంకె మిగులుతుంది?

4. అంకెలన్నీ కూడనక్కర్లేదు. 9 తో భాగించినప్పుడు వచ్చే శేషమే ఆ ఒంటి అంకె. 2 ఘాతాలను 9 తో భాగిస్తే శేషాలు 2, 4, 8, 7, 5, 1 అని ఆరు మెట్లకోసారి తిరుగుతాయి. మన ఘాతాంకాన్ని 6 తో భాగిస్తే 5 మిగులుతుంది. వరసలో ఐదోది 5. 1 తీసేస్తే 4. ఇదే పద్ధతిలో 7 తో భాగిస్తే శేషం 3 అని కూడా తేలుతుంది. కావాలంటే చేసి చూడండి, అర నిమిషం పని.

దీనికి కవల ఉందా?

లేదు. కవల ప్రధానాలంటే 11, 13 లాగా 2 తేడాతో ఉండే జంట. మన సంఖ్యకు అటూ ఇటూ చూద్దాం.

పై వైపు, 2 కలిపితే 2¹³⁶²⁷⁹⁸⁴¹ + 1 అవుతుంది. ఘాతాంకం బేసి అయినప్పుడు 2 ఘాతాన్ని 3 తో భాగిస్తే 2 మిగులుతుంది. 1 కలిపితే 3 తో నిశ్శేషంగా పోతుంది. కాబట్టి అది ప్రధానం కాదు.

కింది వైపు అంత తేలిగ్గా తేలదు. 3, 5, 7, 11, 13, 17, 19, 23 ఏవీ దాన్ని నిశ్శేషంగా భాగించవు. నేను చేత్తో ఒక్కొక్కటే చూస్తూ పోతే 29 దగ్గర దొరికింది. 2²⁸ ని 29 తో భాగిస్తే 1 మిగులుతుంది. 13,62,79,841 ని 28 తో భాగిస్తే 5 మిగులుతుంది. అంటే మన 2 ఘాతం 29 దగ్గర 2⁵ లాగే, 32 లాగే ప్రవర్తిస్తుంది. 32 ని 29 తో భాగిస్తే శేషం 3. కింది పొరుగు సంఖ్య 2¹³⁶²⁷⁹⁸⁴¹ − 3 కాబట్టి శేషం 0. నాలుగు కోట్ల అంకెల సంఖ్యకు ఒక కారణాంకాన్ని మనమే, క్యాలిక్యులేటర్ కూడా లేకుండా పట్టేశాం.

దీన్ని రెండు వర్గాల మొత్తంగా రాయొచ్చా? 13 ని 4 + 9 అని రాసినట్టు?

రెండూ చాలవు, మూడూ చాలవు. ఏ వర్గాన్నైనా 8 తో భాగిస్తే మిగిలేది 0, 1, 4 లలో ఒకటే. వాటిలో మూడింటిని ఎలా కూడినా 8 తో భాగించినప్పుడు 7 మిగలదు. మన సంఖ్యకు మిగిలేది సరిగ్గా 7, ఎందుకంటే దానికి 1 కలిపితే 8 యొక్క గుణిజం. నాలుగు వర్గాలతో మాత్రం తప్పకుండా రాయొచ్చు. ఏ సహజ సంఖ్యకైనా నాలుగు చాలని 1770లో లగ్రాంజ్ నిరూపించాడు.

పరిపూర్ణ సంఖ్యలతో దీనికేం సంబంధం?

6 ని తీసుకోండి. తనను వదిలేసి మిగతా భాజకాలు 1, 2, 3. మొత్తం మళ్లీ 6. అలాంటివి పరిపూర్ణ సంఖ్యలు. 28, 496, 8128 కూడా అంతే. మెర్సెన్ ప్రధానం ఒకటి దొరికితే దాన్ని అంతకు ఒక మెట్టు తక్కువ 2 ఘాతంతో గుణిస్తే పరిపూర్ణ సంఖ్య వస్తుందని యూక్లిడ్ చూపించాడు: 2 × 3 = 6, 4 × 7 = 28, 16 × 31 = 496. సరి పరిపూర్ణ సంఖ్యలన్నీ ఇలాగే రావాలని తర్వాత ఆయిలర్ నిరూపించాడు.

కాబట్టి 2¹³⁶²⁷⁹⁸⁴¹ − 1 తోపాటు 8,20,48,640 అంకెల పరిపూర్ణ సంఖ్య కూడా వచ్చినట్టే. దాని చివరి అంకె 6. బేసి పరిపూర్ణ సంఖ్య ఒక్కటైనా ఉందా అన్నది ఇప్పటికీ తేలలేదు.

## ప్రధానమని ఎలా తేల్చారు?

వర్గమూలం వరకు భాగించుకుంటూ పోతే సరిపోదా? బళ్లో అలాగే నేర్పారు.

పద్ధతి సరైనదే, ఇక్కడ పనికిరాదు. ఈ సంఖ్య వర్గమూలానికే రెండు కోట్లకు పైగా అంకెలుంటాయి. అక్కడిదాకా ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించాలంటే, ఎన్నిసార్లు భాగించాలో చెప్పే సంఖ్యకే రెండు కోట్ల అంకెలు కావాలి. కనిపించే విశ్వంలోని పరమాణువుల లెక్క దాదాపు 80 అంకెల్లో ఇమిడిపోతుందని అంచనా. పోలిక కూడా పెట్టలేం.

ఘాతాంకం ప్రధానమైతే 2 ఘాతంలో 1 తీసేసినదీ ప్రధానమే అవుతుందా?

అవ్వాలని లేదు. అందరూ పడే గుంట ఇది. 2, 3, 5, 7 వేస్తే 3, 7, 31, 127 వస్తాయి, అన్నీ ప్రధానాలే. ఇక నమ్మకం కుదురుతుంది. 11 వేయగానే 2047 వస్తుంది, అది 23 × 89. తిరగేసి చెప్తే మాత్రం నిజం: ఘాతాంకం ప్రధానం కాకపోతే ఫలితమూ ప్రధానం కాదు.

దీనికి బాగా చెప్పుకునే ఉదాహరణ 2⁶⁷ − 1. ఇది ప్రధానం కాదని 1876లోనే ఎదువార్ లూకాస్ చూపించాడు, కానీ కారణాంకాలేవో చెప్పలేకపోయాడు. 1903లో ఫ్రాంక్ నెల్సన్ కోల్ అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీ సమావేశంలో బోర్డు మీద 193707721 × 761838257287 గుణించి చూపించాడు. ఆ ప్రసంగంలో ఆయన ఒక్క మాట కూడా మాట్లాడలేదని చెప్పుకుంటారు.

కారణాంకాల కోసం వెతికేటప్పుడు అన్ని సంఖ్యలతోనూ భాగించి చూస్తారా?

లేదు. 2 ఘాతంలోంచి 1 తీసేస్తే వచ్చే సంఖ్యలను, ప్రధానమైనా కాకపోయినా, మెర్సెన్ సంఖ్యలంటారు. వాటి కారణాంకాలకు ఒక కట్టుబాటు ఉంది. ఘాతాంకం బేసి ప్రధానమైతే, ప్రతి కారణాంకమూ ఆ ఘాతాంకానికి రెట్టింపు చేసినదాని గుణిజానికి 1 కలిపినట్టు ఉండాలి. పైగా దాన్ని 8 తో భాగిస్తే 1 గానీ 7 గానీ మిగలాలి. 2047 చూడండి: ఘాతాంకం 11, రెట్టింపు 22. 23 అంటే 22 + 1, 89 అంటే 4 × 22 + 1. కోల్ పట్టుకున్న 193707721 కూడా 134 × 1445580 + 1 అవుతుంది. 67 కి రెట్టింపు 134.

ఘాతాంకం 13 కోట్లు దాటినప్పుడు ఈ లెక్కన 27 కోట్ల లోపు సంఖ్యలను చూడనే అక్కర్లేదు. చాలా మెర్సెన్ సంఖ్యలు ఈ తేలికపాటి వడపోతలోనే పోతాయి. మిగిలినవాటికే అసలు పరీక్ష.

లూకాస్–లేమర్ పరీక్ష అంటారు కదా, అది చేత్తో చేసి చూపగలరా?

తప్పకుండా. 4 తో మొదలుపెట్టండి. వర్గం చేసి 2 తీసేయండి. వచ్చినదాన్ని పరీక్షించాల్సిన మెర్సెన్ సంఖ్యతో భాగించి శేషం మాత్రం ఉంచుకోండి. ఘాతాంకం కన్నా రెండు తక్కువ సార్లు ఇలా చేయండి. చివరికి 0 మిగిలితే ప్రధానం, మిగలకపోతే కాదు. ఘాతాంకం బేసి ప్రధానమై ఉండాలి, అంతే.

31 కి ఘాతాంకం 5, కాబట్టి మూడుసార్లు. 4 నుంచి 14. 14 నుంచి 194, శేషం 8. 8 నుంచి 62, శేషం 0. ప్రధానం.

127 కి ఘాతాంకం 7, ఐదుసార్లు. శేషాలు వరసగా 14, 67, 42, 111, 0. మళ్లీ ప్రధానమే. నాలుగో మెట్టు వరకు సున్నా జాడ కూడా కనిపించదు, చివర్లో ఠక్కున వచ్చి వాలుతుంది. మొదటిసారి చేసినప్పుడు నేను 111 దగ్గర ఎక్కడో తప్పు చేశాననుకున్నాను.

ఈ పరీక్షకు పునాది వేసింది లూకాస్, ఇప్పుడున్న చక్కని రూపం ఇచ్చింది డెరిక్ హెన్రీ లేమర్. 2¹³⁶²⁷⁹⁸⁴¹ − 1 కీ ఇదే పద్ధతి, కాకపోతే 13 కోట్లకు పైగా మెట్లు.

నాలుగు కోట్ల అంకెల సంఖ్యను వర్గం చేయడం, మళ్లీ భాగించడం… కంప్యూటర్‌కైనా ఎలా సాధ్యం?

భాగహారం నిజానికి చేయనే చేయరు. 127 ఉదాహరణే తీసుకుందాం. 67 ని వర్గం చేసి 2 తీసేస్తే 4487. దాన్ని 128 కట్టలుగా విడదీస్తే 35 × 128 + 7. 127 దృష్టిలో 128 అంటే 1 తో సమానం, కాబట్టి 35 + 7 = 42. శేషం వచ్చేసింది. బైనరీలో ఇదింకా సులువు: పొడవైన సంఖ్యను మధ్యలో మడిచి రెండు ముక్కలనూ కూడటమే. మెర్సెన్ సంఖ్యలకు ఉన్న ఈ వెసులుబాటు మామూలు సంఖ్యలకు లేదు.

గుణకారానిది వేరే కథ. మనం చేత్తో చేసే పద్ధతిలో ఒక్క వర్గానికి సుమారు 17 కోట్ల కోట్ల చిన్న గుణకారాలు కావాలి. దాని బదులు ఫాస్ట్ ఫూరియే ట్రాన్స్‌ఫార్మ్ అనే పద్ధతి వాడతారు. శబ్ద తరంగాలను విడగొట్టే గణితమే అది. అంకెల వరసను తరంగంలా చూసి, విడగొట్టి, గుణించి, మళ్లీ కలుపుతారు. పని కొన్ని లక్షల రెట్లు తగ్గుతుంది.

మధ్యలో కంప్యూటర్ ఒక్క తప్పు చేస్తే మొత్తం పోయినట్టే కదా?

అవును. ఒక్క బిట్ (బైనరీ అంకె) తారుమారైనా ఆ తర్వాతి మెట్లన్నీ వృథా. అందుకే ఇప్పుడు ముందుగా లూకాస్–లేమర్ చేయరు, ఫెర్మా పరీక్ష చేస్తారు. ఒక సంఖ్య ప్రధానమైతే, 3 కి ఆ సంఖ్య కన్నా ఒకటి తక్కువ ఘాతం వేసి అదే సంఖ్యతో భాగించినప్పుడు 1 మిగలాలి. ఈ లెక్క నడుస్తుండగానే దోషాలను పట్టుకునే ఉపాయాన్ని రాబర్ట్ గెర్బిట్స్ కనిపెట్టాడు. తప్పు దొర్లితే కొన్ని మెట్లు వెనక్కి వెళ్లి మళ్లీ చేస్తారు.

ఫెర్మా పరీక్ష నెగ్గినా అది "బహుశా ప్రధానం" మాత్రమే. ఈ సంఖ్య విషయంలో డబ్లిన్‌లోని ఒక ఎన్వీడియా ఏ100 గ్రాఫిక్స్ చిప్ ముందు ఆ మాట చెప్పింది. మర్నాడు శాన్ ఆంటోనియోలోని హెచ్100 చిప్ లూకాస్–లేమర్ పరీక్షతో ఖాయం చేసింది. ఆపైన వేర్వేరు ప్రోగ్రాములతో, వేర్వేరు యంత్రాల మీద మళ్లీ మళ్లీ చూశాకే ప్రకటించారు.

ఫెర్మా పరీక్షలో 3 నే ఎందుకు? 2 తో ఇంకా సులువు కదా?

2 తో ప్రతి మెర్సెన్ సంఖ్యా పాసైపోతుంది, ప్రధానం కానివి కూడా. 2047 చూడండి. 2¹¹ = 2048, అంటే శేషం 1. 2046 సరిగ్గా 11 × 186. కాబట్టి 2 కి 2046 ఘాతం వేసినా శేషం 1 వచ్చేస్తుంది. 23 × 89 అయినా పట్టుబడలేదు. అందరినీ పాస్ చేసే పరీక్ష పెట్టి లాభం లేదు.

ఐఐటీ కాన్పూర్ వాళ్లు ఏ సంఖ్యకైనా పనికొచ్చే పద్ధతి కనిపెట్టారు కదా, అది వాడలేదా?

వాడలేదు. మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా 2002లో ఇచ్చిన ఏకేఎస్ పద్ధతి సిద్ధాంతపరంగా చాలా గొప్పది. ఏ సంఖ్యనైనా, ఊహాగానాల మీద ఆధారపడకుండా, అంకెల లెక్కతో పోలిస్తే హద్దులో ఉండే సమయంలో తేల్చవచ్చని అది మొదటిసారి నిరూపించింది. ఆచరణలో మాత్రం నెమ్మది. మెర్సెన్ సంఖ్యలకు లూకాస్–లేమర్ అనే దగ్గర దారి ఉన్నప్పుడు చుట్టూ తిరిగి వెళ్లడం ఎందుకు?

రికార్డు సంఖ్యలు దాదాపు అన్నీ మెర్సెన్ రకమే ఎందుకుంటాయి? ఇవి ఎక్కువగా ఉంటాయా?

ఎక్కువేం కాదు, చాలా అరుదు. ఇప్పటివరకు తెలిసినవి 52. దొరికేవి ఇవే కావడానికి కారణం పరీక్ష సులువు కావడం. వీటికి 1 కలిపితే 2 తప్ప మరో ప్రధాన కారణాంకం లేని సంఖ్య వస్తుంది, లూకాస్–లేమర్ పరీక్ష దాని మీదే నిలబడింది. ఇంత పరిమాణంలో ఉన్న మామూలు సంఖ్యల్లో సగటున 9.4 కోట్లకు ఒకటి ప్రధానం. అంటే మన సంఖ్య కన్నా చిన్నవైన, మనకు తెలియని ప్రధానాలు లెక్కలేనన్ని ఉన్నాయి. వాటిని నిరూపించే దారి లేదు, అంతే.

## ఎవరు వెతుకుతారు, ఎందుకు?

దీనివల్ల నిజంగా ఏమైనా ఉపయోగం ఉందా?

ఈ ఒక్క సంఖ్యతో, ఇవాళ, లేదు. దాన్ని దాచిపెట్టి ఏదో గొప్ప ఉపయోగం చెప్పడం నాకు ఇష్టం లేదు. వెతుకులాటలో పుట్టినవి మాత్రం పనికొచ్చాయి. ఈ వెతుకులాటకు వాడే ప్రైమ్95 ప్రోగ్రాం ప్రాసెసర్‌ను పూర్తిగా అలిసిపోయేలా చేస్తుంది కాబట్టి, కంప్యూటర్ గట్టిగా ఉందో లేదో చూడ్డానికి దాన్నే నడుపుతారు. 2016 మొదట్లో ఇంటెల్ స్కైలేక్ ప్రాసెసర్లలో ఒక దోషం ఇలాగే బయటపడింది.

చిన్న మెర్సెన్ ప్రధానాలకైతే రోజూ పనుంది. చాలా ప్రోగ్రామింగ్ భాషల్లో యాదృచ్ఛిక సంఖ్యలను ఇచ్చే మెర్సెన్ ట్విస్టర్, 2¹⁹⁹³⁷ − 1 సంఖ్యల తర్వాతే తన వరసను మళ్లీ మొదలుపెడుతుంది. పీ-521 అనే సంకేత లిపి పద్ధతి 2⁵²¹ − 1 మీద నడుస్తుంది.

బ్యాంకు పాస్‌వర్డులు కాపాడ్డానికి ఇలాంటి పెద్ద ప్రధానాలే వాడతారట కదా?

ప్రధానాలు వాడతారు, ఇలాంటివి కాదు. ఆర్ఎస్ఏ పద్ధతిలో 2048 బిట్ల తాళం అంటే 300 పైచిలుకు అంకెలున్న రెండు ప్రధానాల లబ్ధం. ఆ రెండూ ఎవరికీ తెలియకపోవడమే రక్షణ. లోకమంతా తెలిసిన 52 సంఖ్యల్లో ఒకటి వాడితే, దొంగ వాటితో ఒక్కొక్కసారి భాగించి చూసి తాళం తీసేస్తాడు. పైగా నాలుగు కోట్ల అంకెలతో ప్రతిసారీ లెక్క చేయాలంటే లావాదేవీ అయ్యేసరికి తెల్లారుతుంది.

కనిపెడితే బహుమతి ఇస్తారా?

ఇస్తారు. ఈ వెతుకులాటను నడిపే గ్రేట్ ఇంటర్నెట్ మెర్సెన్ ప్రైమ్ సెర్చ్, పొట్టిగా గింప్స్, ఇచ్చేది 3,000 డాలర్లు. డ్యురాంట్ ఆ డబ్బును తాను చదివిన అలబామా స్కూల్‌కు ఇస్తానన్నాడు. పెద్ద బహుమతులు ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్‌వి. పది లక్షల అంకెలకు 50,000 డాలర్లు, కోటి అంకెలకు 1,00,000 డాలర్లు ఇప్పటికే వెళ్లిపోయాయి. పది కోట్ల అంకెలకు 1,50,000, వంద కోట్ల అంకెలకు 2,50,000 ఇంకా ఎదురుచూస్తున్నాయి. కరెంటు బిల్లు లెక్కేసుకుంటే ఇది లాభసాటి వ్యాపారం కాదు.

నా ల్యాప్‌టాప్‌లో కూడా వెతకొచ్చా?

వెతకొచ్చు. 1996లో జార్జ్ వోల్ట్‌మన్ గింప్స్‌ను మొదలుపెట్టిందే ఇంటి కంప్యూటర్ల కోసం. ప్రోగ్రాం దింపుకుంటే సర్వరు మీకొక ఘాతాంకం కేటాయిస్తుంది. ల్యాప్‌టాప్ అయితే వేడిని గమనించండి, ఫ్యాన్ ఆగకుండా తిరుగుతుంది. ఇన్నాళ్లూ గింప్స్ రికార్డులన్నీ మామూలు కంప్యూటర్లకే దక్కాయి. డ్యురాంట్ మాత్రం 17 దేశాల్లోని డేటా సెంటర్లలో వేల గ్రాఫిక్స్ చిప్‌లను కలిపి నడిపాడు. గింప్స్‌లో గ్రాఫిక్స్ చిప్‌కు దొరికిన మొదటి మెర్సెన్ ప్రధానం ఇదే. ఇంటి నుంచి ఆడేవాళ్లకు కాస్త నిరాశే, అయినా లాటరీ అందరికీ తెరిచే ఉంది.

ఏ యంత్రమూ లేకుండా, చేత్తోనే లెక్కేసి కనిపెట్టినవాటిలో పెద్దది ఏది?

2¹²⁷ − 1. లూకాస్ 1876లో తేల్చాడు. 39 అంకెలు: 170141183460469231731687303715884105727. 1951 వరకు, అంటే 75 ఏళ్లు, దీన్ని దాటినవాళ్లు లేరు. దానికి ముందు 1772లో ఆయిలర్ 2³¹ − 1 ప్రధానమని చూపించాడు. ఆ 2147483647 ప్రోగ్రాములు రాసేవాళ్లకు వేరే రకంగా పరిచయం, రుణ సంఖ్యలకూ చోటున్న 32 బిట్ల పూర్ణాంకంలో పట్టే అతి పెద్ద విలువ అదే.

## ఇకపై

ఇది 52వ మెర్సెన్ ప్రధానం అని రాస్తున్నారు. మధ్యలో ఏదీ తప్పిపోలేదా?

"తెలిసిన 52వది" అనాలి. వెతుకులాట చిన్న నుంచి పెద్దకు బారులు తీరి నడవదు. 2008 ఆగస్టులో 4,31,12,609 అనే ఘాతాంకం దగ్గర ఒకటి దొరికింది. రెండు వారాలకే అంతకన్నా చిన్నదైన 3,71,56,667 దగ్గర ఇంకొకటి, మరుసటి ఏడాది 4,26,43,801 దగ్గర మరొకటి బయటపడ్డాయి. ఇప్పుడూ మధ్యలో ఒకటి దాగి ఉండొచ్చు. ప్రతి ఘాతాంకాన్నీ సరిచూసేదాకా వరస సంఖ్య ఖాయం కాదు.

మెర్సెన్ ప్రధానాలు కూడా అనంతమేనా?

ఎవరూ నిరూపించలేదు. అనంతమనే నమ్మకం. లెన్‌స్ట్రా, పొమరెన్స్, వాగ్‌స్టాఫ్ ఊహ ప్రకారం, ఘాతాంకం రెట్టింపైన ప్రతిసారీ సగటున 1.78 కొత్తవి రావాలి. 6.8 కోట్ల నుంచి 13.63 కోట్ల దాకా చూస్తే ఇప్పటికే నాలుగు దొరికాయి: 7,42,07,281, 7,72,32,917, 8,25,89,933, 13,62,79,841. ఊహ తప్పని కాదు, ఇంత చిన్న ముక్కలో సగటు ఇటూ అటూ ఊగుతుంది.

ఈ సంఖ్యనే ఘాతాంకంగా పెట్టి, 2 కి అంత ఘాతం వేసి 1 తీసేస్తే కొత్త రికార్డు రాదా?

మంచి ఆలోచన, చాలామందికి వస్తుంది. మొదట్లో కలిసొస్తుంది కూడా. 2 నుంచి 3, 3 నుంచి 7, 7 నుంచి 127, 127 నుంచి 2¹²⁷ − 1. అన్నీ ప్రధానాలే. కానీ 13 దగ్గర దెబ్బతింటుంది. 2¹³ − 1 = 8191 ప్రధానం, 2⁸¹⁹¹ − 1 ప్రధానం కాదు. 1953లోనే కంప్యూటర్ మీద తేల్చేశారు.

2¹²⁷ − 1 ని ఘాతాంకంగా పెడితే వచ్చేది ప్రధానమా కాదా అన్నది ఇంకా తేలలేదు. దాన్ని లూకాస్–లేమర్‌తో పరీక్షించడం కుదరదు. ఒక్కో బిట్‌ను ఒక్కో అణువు మీద రాసినా 39 అంకెలంత సంఖ్యలో బిట్లు కావాలి. చిన్న కారణాంకం ఏదైనా దొరుకుతుందేమోనని వెతకడం ఒక్కటే దారి. ఇప్పటిదాకా దొరకలేదు.